నష్టానికి హద్దు: విషాదక్రీడల ఇంటి నియమాలు, పటాన్‌చెరు ప్రయోగం

వ్యాససంగ్రహం

అచ్చులో ఉన్న నియమాలను ఆడేవారు తమ అవసరానికి మార్చుకోవడం ఆటలంత పాతది. ఓటమి, క్షామం, మరణం ఇతివృత్తంగా గల ఆటల్లో ఈ మార్పులు ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: ఆటగాడు ఏమి పోగొట్టుకోవచ్చు, ఏమి పోగొట్టుకోరాదు? సభాపర్వంలోని ద్యూతాన్ని, అష్టాచెమ్మాను, పాశ్చాత్య పాత్రధారణ ఆటలను ఈ కోణంలో పరిశీలించి, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు 1970వ దశకం ద్వితీయార్ధంలో పల్లెల్లో నడిపిన బొమ్మ–బొరుసు ఆటను ఈ వ్యాసం ప్రధానంగా చర్చిస్తుంది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో ఆడించిన భూగర్భజల ఆటను దానితో పోలుస్తుంది.

కీలకపదాలు: ఇంటి నియమాలు, పాత్రధారణ ఆటలు, పందెం, ఇక్రిశాట్, నష్టభయం, భూగర్భజలం

1. ఉపోద్ఘాతం

అష్టాచెమ్మా ఆడటానికి కొత్త ఇంట కూర్చున్న పిల్లవాడు మొదట వినే మాట “మా ఇంట్లో ఇలా ఆడం” అన్నది. ఎదుటివారి కాయను ఒక్కదాన్నయినా చంపనిదే లోపలి వరుసలోకి పోరాదని ఒక ఇంటి కట్టుబాటు. మరో ఇంట అటువంటి నిర్బంధం లేదు. గళ్ళు అవే, గవ్వలు అవే, కాయలు అవే. అయినా మొదటి ఇంట్లో అది వేట; రెండో ఇంట్లో పరుగుపందెం. చంపడాన్ని తప్పనిసరి చేసిన ఒక్క నియమం ఆట స్వభావాన్నే మార్చేసింది. ఇటువంటి స్థానిక కట్టుబాట్లనే ఈ వ్యాసంలో ‘ఇంటి నియమాలు’ అని వ్యవహరించడం జరిగింది.

ఆటల చరిత్ర రాసినవారు సాధారణంగా పలక ఆకృతిని, పాచికల సంఖ్యను, ఆట ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి ప్రయాణించిన తీరును నమోదు చేస్తారు. ఇంటి నియమాలు నమోదుకు నోచుకోవడం అరుదు. అవి నోటిమాటగా పుట్టి, ఆడేవారితోపాటే పోతాయి. విషాద ఇతివృత్తం గల ఆటల్లో మాత్రం ఆట అర్థం తేలేది అచ్చు నియమంలో కంటె ఇంటి నియమంలోనే. ఓడినవాడి నష్టం ఎంతవరకు అన్నది అక్కడే నిర్ణయమవుతుంది.

2. సభలో లేచిన నియమవివాదం

తెలుగు పాఠకుడు ఎరిగిన ఆటల్లో అత్యంత విషాదకరమైనది సభాపర్వంలోని ద్యూతం. పదకొండవ శతాబ్దంలో నన్నయ తెనిగించిన పర్వాల్లో అది ఒకటి. ఆ కథను ధర్మాధర్మచర్చగా చదవడం పరిపాటి. నియమచర్చగా చదివినా అందులో చాలినంత సామగ్రి ఉంది. దుర్యోధనుడి పక్షాన శకుని పాచికలు వేస్తాడనగానే, ఒకరి కోసం మరొకరు ఆడటం తగదని ధర్మరాజు అభ్యంతరం చెబుతాడు. పందెపు ధనం తనదని, ఆడేవాడు మామ అని దుర్యోధనుడు బదులిస్తాడు. అభ్యంతరం తేలకుండానే ఆట మొదలవుతుంది. అంటే హస్తినాపుర సభ తన ఇంటి నియమాన్ని అతిథిపై రుద్దింది. అతిథి దానికి లోబడి కూర్చున్నాడు.

ద్రౌపది వేసిన ప్రశ్న ఇంకా సూక్ష్మమైనది. తనను తాను ముందే ఓడిపోయినవాడికి మరొకరిని పణంగా ఒడ్డే అధికారం ఉంటుందా? ఇది పందెపు హద్దును గురించిన ప్రశ్న. భీష్ముడు తేల్చి చెప్పలేకపోతాడు. ఆమె గెలుపు చెల్లదని వికర్ణుడు అంటాడు. ఏవి పణంగా ఒడ్డరాదో ఆటకు ముందు ఎవరూ చెప్పుకోకపోవడం వల్లనే సభ ఆ స్థితికి చేరింది. రెండోసారి ఆడిన అనుద్యూతంలో పందెం ముందుగానే మాటల్లో స్థిరపడింది: పన్నెండేళ్ళు వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం, గుర్తుపడితే మళ్ళీ పన్నెండేళ్ళు. ఓడినవారు పదమూడో ఏట కంకుడిగా, వలలుడిగా, బృహన్నలగా, సైరంధ్రిగా మరొకరి పాత్ర ధరించి బతకవలసి రావడం కూడా ఆ పందెపు షరతులో భాగమే. పాత్రధారణే శిక్ష అయిన ఆట ఇంకొకటి చెప్పడం కష్టం.

పలనాటి కోడిపోరులోనూ ఓడినవారికి విధించింది ఏడేళ్ళ వలసే. తెలుగువారి కథాస్మృతిలో పందెపు ఓటమి అంటే ఇల్లు విడవడం.

3. యుద్ధపటం నుంచి పాత్రధారణ బల్లకు

పాత్రధారణ ఆటగా నేడు ప్రపంచం గుర్తించే రూపానికి మూలం పూర్తిగా వేరు. ప్రష్యా సైన్యంలో 1824లో రైస్విట్జ్ రూపొందించిన యుద్ధక్రీడ పటం, పాచికలు, పట్టికలతో నడిచేది. పట్టికల బరువు పెరిగి ఆట సాగక, 1876లో వెర్డీ దు వెర్న్వా అనే సేనాని వాటిని చాలావరకు పక్కన పెట్టి నిర్ణేత విచక్షణకు పెద్దపీట వేశాడు. అక్షరబద్ధమైన నియమానికీ, బల్ల వద్ద కూర్చున్న మనిషి తీర్పుకూ మధ్య పెనుగులాట అప్పటినుంచీ ఈ ఆటల్లో సాగుతూనే ఉంది.

అమెరికాలో డేవ్ ఆర్నెసన్ 1971 ప్రాంతంలో ‘బ్లాక్‌మూర్’ అనే కల్పితసీమను తన మిత్రబృందంతో ఆడటం మొదలుపెట్టాడు. గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో దాన్ని ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’గా వెలువరించాడు. ఇందులో ప్రతి ఆటగాడు ఒక పాత్రను ధరిస్తాడు. ఒకరు కథను నడుపుతారు. మొదటి ప్రచురణలే ఆడేవారిని తమ ఊహకు తగినట్లు మార్చుకొమ్మని ప్రోత్సహించాయి. అంటే ఇంటి నియమం ఈ ఆటకు అపవాదం కాదు, పుట్టుకలక్షణం.

విషాదం ఆ తరువాత వచ్చి చేరింది. 1981లో సాండీ పీటర్సన్ రచించిన ‘కాల్ ఆఫ్ కతుల్హు’లో పాత్రకు ప్రాణంతోపాటు మతిస్థిమితానికి కూడా అంకెలు కేటాయించారు, భయానకమైనదాన్ని చూసినకొద్దీ అవి తరిగిపోతాయి. గెలవడం కంటె ఎంత నిలకడగా క్షీణిస్తామన్నదే అక్కడ ఆట. 1986 నాటి ‘వార్‌హామర్’ పాత్రధారణ ఆటలో గాయాలు, అంగవైకల్యం, ఉన్మాదం మామూలు. కాని అదే పుస్తకం ప్రతి పాత్రకు కొన్ని ‘విధి’ అంకెలు ఇచ్చింది. ఒక్కటి ఖర్చు చేస్తే నిశ్చితమైన చావు తప్పుతుంది. క్రౌర్యాన్ని పెంచిన చేతితోనే దానికి హద్దు కూడా గీశారు. ఇటువంటి ఆటలు ఆడే బృందాలు మార్చి చూసే నియమాల్లో ఎక్కువ ఈ రెండు కొసలకు చెందినవే: కొందరు విధి అంకెలను తీసివేసి చావును తిరుగులేనిది చేస్తారు, కొందరు పాత్ర బతికి, ఏదో ఒకటి పోగొట్టుకునేట్లు మారుస్తారు. ఇంకొన్ని నియమాలు పాత్రను వదిలి ఆటగాడినే కాపాడతాయి. 2010వ దశకంలో వ్యాప్తిలోకి వచ్చిన ‘ఎక్స్ కార్డు’ అటువంటిది. కథ భరించరానిదైతే బల్లమీది ఆ కార్డును తాకితే చాలు, కారణం అడగకుండా ఆ ఘట్టాన్ని వదిలేస్తారు. కురుసభలో అటువంటి కార్డు లేదు.

4. పటాన్‌చెరు ఆట

హైదరాబాదు నుంచి సంగారెడ్డి పోయే దారి ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో పరిశ్రమల దారిగా మారింది. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., ఆపైన పటాన్‌చెరు పారిశ్రామికవాడ. ఆ దారిమీదనే 1972లో మెట్టపంటల పరిశోధన కోసం అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ అక్కడి ప్రధాన విషయాలు. కొత్త వంగడం ఎంత దిగుబడి ఇచ్చినా, వాన నమ్మకం లేని నేలమీద రైతు దాన్ని చేపడతాడా అన్న ప్రశ్న సంస్థలోని ఆర్థికశాస్త్రజ్ఞులను పల్లెలకు నడిపించింది. 1975లో ఆరు గ్రామాల్లో దీర్ఘకాలిక అధ్యయనం మొదలైంది. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు వాటిలో రెండు. తక్కిన నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి. ఊరికి 40 కుటుంబాలు: 30 సాగుదారులవి, 10 కూలీలవి.

ఈ 240 కుటుంబాల మధ్య హాన్స్ బిన్స్‌వాంగర్ నష్టభయాన్ని కొలవడానికి పూనుకున్నాడు. 1980లో అమెరికన్ వ్యవసాయార్థశాస్త్ర పత్రికలో వెలువడిన ఆయన వ్యాసం ఆ రంగంలో నేటికీ మొదట పేర్కొనే రచనల్లో ఒకటి. ఆర్థికశాస్త్రజ్ఞులు దాన్ని కొలమానంగా చదువుతారు. ఆటల చరిత్రలో ఒక ఘట్టంగా చదివితే వేరొక సంగతి బయటపడుతుంది.

ఆయన కొలత రెండు విధాలుగా సాగింది. ఒకటి ప్రశ్నోత్తరం: ఇటువంటి పరిస్థితి వచ్చిందనుకో, ఎంత ఖాయంగా ఇస్తే ఆ అదృష్టపు బేరం వదులుకుంటావు? రైతు ఇక్కడ ఒక ఊహాపరిస్థితిలోకి ప్రవేశించి, అందులోని మనిషిగా జవాబు చెప్పాలి. పేరు ఏదైనా అది పాత్రధారణే, పైగా పాచిక లేని పాత్రధారణ. ఫలితాలు నమ్మదగ్గవి కాలేదు. అడిగే మనిషి మారితే జవాబులు మారాయి. రెండో పద్ధతిలో వచ్చిన కొలతలతో వాటికి ఏ పొందికా కుదరలేదు. కథ నడిపేవాడి మొగ్గును బట్టి ఆటగాడు వంగడం పాత్రధారణ బల్లల దగ్గర పరిచితమైన బలహీనత. ఒక పరిశోధనసంస్థ అదే బలహీనతను అంకెల్లో పట్టుకుంది.

రెండో పద్ధతి నిజమైన నాణేన్ని, నిజమైన సొమ్మును తెచ్చింది. ఆటగాడి ముందు కొన్ని వరుసలు ఉంచుతారు. ఒక వరుస ఎంచుకున్న తరువాత నాణెం ఎగరేస్తారు. 50 రూపాయల స్థాయిలో మొదటి వరుస నిశ్చింత: బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలే. తరువాతి వరుసలో ఒక వైపుకు 45, రెండో వైపుకు 95. ఆపైన 40, 120. ఆపైన 30, 150. ఇంకా పైన 10, 190. చివరి వరుసలో ఒక వైపు పడితే ఏమీ రాదు, రెండో వైపు పడితే 200. సగటు రాబడి 50 నుంచి 70, 80, 90, 100కు పెరుగుతుంది. కాని చివరి వరుస సగటు దాని ముందు వరుస సగటే. అక్కడ అదనపు ఒడిదుడుకుకు అదనపు ప్రతిఫలం లేదు. ఇటువంటివే 35–125, 20–160 అనే మరో రెండు వరుసలు మధ్యలో ఉన్నాయి. సాహసం కోసమే సాహసం చేసేవారిని వేరుగా గుర్తించడానికి ఇవి ఉపకరిస్తాయి. పులిజూదం పటంలో పులికి వదిలిన దారి వంటి అమరిక ఇది. ఎవరు ఎటు కదులుతారో చూడటానికే అది ఉంది.

ఈ ఆటకు చేర్చిన కట్టుబాట్లే ప్రస్తుత చర్చకు ముఖ్యం. మొదటిది, ఆటగాడు తన సొమ్ము ఒడ్డడు. పణం సంస్థదే. ఎంత దురదృష్టం వచ్చినా చేతికి ఏమీ రాకుండా ఇంటికి పోవడమే అతని గరిష్ఠ నష్టం. అప్పు పడటం లేదు. పేదవాడి కూలిడబ్బుతో జూదమాడించి శాస్త్రం సంపాదించడం తగదన్న వివేకం ఇందులో కనిపిస్తుంది. రెండోది, పందెం మెట్లుమెట్లుగా పెరుగుతుంది. మొదట అర్ధరూపాయి స్థాయి, అదీ పలుమార్లు, తరువాత 5 రూపాయలు, ఆపైన 50. 500 రూపాయల స్థాయి ఊహగానే అడిగారు. అప్పటి కూలీరేట్లను బట్టి ఆటలో అత్యధిక రాబడి ఒక కూలివాడి నెలసరి ఆదాయాన్ని మించుతుంది. మూడోది, ఆట ఒక్క పూటలో ముగియదు. వారాల పొడవున సాగుతుంది. ఇంటికి పోయి ఆలోచించుకునే వ్యవధి, ఇంట్లోవారితో మాట్లాడుకునే వీలు ఉంటాయి.

ఈ మూడు కట్టుబాట్లలో ఏ ఒక్కటి లేకున్నా ఫలితం అర్థం కాదు. సొంత సొమ్ము ఒడ్డమంటే పేదలు అసలు కూర్చోరు. చిన్న పందెంతోనే ఆపితే తప్పుడు చిత్రం వస్తుంది. ఎందుకంటే అర్ధరూపాయి స్థాయిలో ఎంపికలు అన్ని వరుసల మీదికీ చెదిరి, సాహసప్రియులు చాలామందే కనిపించారు. పందెం పెరిగేకొద్దీ ఎంపికలు మధ్యవరుసల వద్ద గుమిగూడాయి. పెద్ద పందెంలో దాదాపు అందరూ ఒక మోస్తరుగా వెనుకాడేవారే. భూమి, ఆస్తి గలవారు కొంచెం ధైర్యం చూపినా, ఆ తేడా గణాంకపరంగా నిలిచేది కాలేదు.

ఈ చివరి సంగతి ఆనాటి వ్యవసాయచర్చకు పెద్ద దెబ్బ. పేదరైతు స్వభావం చేతనే భయస్తుడని, అందుకే కొత్త విత్తనం వేయడని అధికారులు, నిపుణులు తరచు అనుకునేవారు. ఒకే ఆటలో, ఒకే నష్టపు హద్దుతో కూర్చోబెడితే ఉన్నవాడూ లేనివాడూ ఇంచుమించు ఒకేలా ఎంచుకున్నారు. తేడా మనసులో లేకపోతే మరెక్కడ ఉంది? పరపతి, పెట్టుబడి, పంట పోతే నిలదొక్కుకునే ఆధారం వంటి బయటి ఏర్పాట్లవైపు ఈ ఫలితం వేలు చూపింది. ఇంకో విధంగా చెబితే, ఆటలో అందరికీ సమానంగా ఇచ్చిన ఇంటి నియమం పొలంలో అందరికీ సమానంగా లేదు. బొమ్మ పడితే సున్నా దగ్గర ఆగే ఏర్పాటు కొందరికే ఉంది. తక్కినవారికి సున్నా కింద కూడా మెట్లున్నాయి.

ప్రయోగశాల గోడకు అవతలి చరిత్రను ఇక్కడ ఒక్క మాటలోనైనా తలచుకోవాలి. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగును విషపూరితం చేసిన వివాదం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. వాగు కింది సేద్యగాళ్ళ ముందు ఎవరూ వరుసలు పరచలేదు. నాణెం ఎగరేసే ముందు ఏ వరుస కావాలో వారిని అడగనూ లేదు.

5. ఆట బయటికి వచ్చినప్పుడు

బిన్స్‌వాంగర్ వరుసల నమూనా తరువాతి కాలంలో అనేక దేశాల్లో వాడుకలోకి వచ్చింది. తెలుగునేల మీద దానికి ఒక ఆసక్తికరమైన మలుపు కలిగింది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసిఐసిఐ లాంబార్డ్ కలిసి వర్షపాత బీమా ప్రవేశపెట్టాయి. పంట నష్టాన్ని పొలానికి వచ్చి చూడరు. వాన కొలిచే కేంద్రంలో నమోదైన వర్షం నిర్ణీతస్థాయికి తగ్గితే పరిహారం ఇస్తారు. ఇదీ ఒక ఆట నియమం వంటిదే, నాణేనికి బదులు వానమాపకం. జినే, టౌన్‌సెండ్, వికరీ 2008లో ప్రచురించిన అధ్యయనంలో బిన్స్‌వాంగర్ తరహా ఎంపికల ఆటతోనే రైతుల నష్టభయాన్ని కొలిచి, బీమా కొన్నవారితో పోల్చారు. నష్టానికి ఎక్కువ భయపడేవారు బీమా ఎక్కువగా కొంటారని సిద్ధాంతం. జరిగింది తలకిందులు: ఎక్కువ భయపడేవారే తక్కువగా కొన్నారు. బీమాసంస్థతోనూ, ఆ తరహా ఒప్పందంతోనూ పరిచయం లేనివారిలో ఈ వెనుకంజ ఎక్కువ. నియమాన్ని రాసినవాడు తెలియనప్పుడు ఆ నియమమే మరో పందెంగా కనిపించింది.

పటాన్‌చెరు ఆటలో ఈ చిక్కు రాలేదు. వారాల తరబడి ఆడి, చెప్పిన సొమ్ము చెప్పినట్లు చేతికి వచ్చాకనే పందెం పెరిగింది. మెట్లు ఎక్కించిన క్రమం కొలత కోసమే కాదు, నమ్మకం కోసం కూడా పనిచేసిందని భావించవచ్చు.

6. మాట్లాడుకునే నియమం

బొమ్మ–బొరుసు ఆటలో రైతు తానుగానే ఆడాడు. మరొకరి పాత్ర ధరించలేదు. ఒంటరిగా ఆడాడు, ఎదుటివాడి ఎత్తు అతన్ని తాకదు. ఆ రెండు లోటులూ తీరిన ఆట ఆంధ్రప్రదేశ్‌లోని గట్టిరాతి నేలల గ్రామాల్లో 2010వ దశకంలో జరిగింది. రూత్ మెయిన్‌జెన్–డిక్, మార్కో జాన్సెన్ తదితరులు రూపొందించిన ఈ ఆటను ఆ గ్రామాల్లో పనిచేస్తున్న స్వచ్ఛందసంస్థలు నడిపాయి. ఆటగాళ్ళందరూ ఒకే భూగర్భజలం మీద ఆధారపడిన రైతుల పాత్ర వహిస్తారు. ప్రతి వంతులో ఒక్కొక్కరు పంట ఎంచుకుంటారు: నీరు తక్కువ తాగి తక్కువ రాబడి ఇచ్చేది, లేదా నీరు ఎక్కువ తాగి ఎక్కువ రాబడి ఇచ్చేది. అందరూ రెండోదాని వెంటపడితే నీటిమట్టం పడిపోయి, ఎవరికీ పంట లేకుండా పోతుంది. బోరు ఎండిన ఊరి కథ అది. ఆడేవారికి కొత్తది కాదు.

ఇక్కడి ఇంటి నియమం మాటకు సంబంధించినది. మొదట ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఆడాలి. తరువాత మాట్లాడుకుని మళ్ళీ ఆడాలి. మాటతో ఎంపికలు గణనీయంగా మారతాయని ఎవరైనా ఊహిస్తారు. 2016లో వెలువడిన ఫలితాల్లో అటువంటి మార్పు కనిపించలేదు. రెండు విడతల్లోనూ పంటల ఎంపిక దాదాపు ఒకే తీరులో సాగింది. పంటకూ నీటికీ గల లంకె కళ్ళముందు కనబడగానే మాట లేకుండానే చాలామంది సర్దుకున్నారు. ఆడ, మగ తేడా ప్రభావం చూపలేదు. సొమ్ము చెల్లించిన పద్ధతి కూడా చూపలేదు. చదువు, ఊరి మనుషుల మీద నమ్మకం, ఆ ఊళ్ళో స్వచ్ఛందసంస్థ ఎంతకాలంగా పనిచేస్తోంది అన్నవి మాత్రం తేడా తెచ్చాయి.

చెల్లింపు పద్ధతి ప్రభావం లేకపోవడం పటాన్‌చెరు అనుభవానికి ఎదురుగా నిలుస్తుంది. అక్కడ నిజమైన సొమ్ము లేని ఊహాప్రశ్న విఫలమైంది. ఇక్కడ సొమ్ము ఎలా ముట్టినా ఆట ఒకేలా సాగింది. ఈ వైరుధ్యం పైపైది కావచ్చు. ఊహాప్రశ్నలో రైతు ఎదుట ఉన్నది అడిగే ఉద్యోగి ఒక్కడే. అతనికి నచ్చేట్లు జవాబు చెప్పడానికి అడ్డు లేదు. నీటి ఆటలో ఎదుట ఉన్నది పక్కపొలం మనిషి. ఆటలో ఎక్కువ నీరు తోడినవాడు మరునాడు అదే మనిషికి ఎదురుపడాలి. నోట్లు చేసే పనిని అక్కడ ఊరు చేసి ఉంటుంది. పాత్రధారణ బల్లల దగ్గర కూడా తెలియనివారితో ఆడినప్పుడు పాత్రకు జరిగే నష్టం తేలిపోతుంది. ఏళ్ళ తరబడి కలిసి ఆడే మిత్రుల మధ్య కాగితం మీది చావుకే రెండురోజులు మాటలుండవు.

నీటి ఆట ముగిశాక ఊరివారిని కూర్చోబెట్టి ఏమి జరిగిందో చర్చించడం కూడా ఏర్పాటులో భాగం. ఆడినవారే కాక చూడవచ్చినవారూ అందులో పాల్గొన్నారు. ఏడాది తరువాత పరిశోధకులు తిరిగి చూసి, 2018లో ప్రచురించిన వ్యాసంలో ఫలితం నమోదు చేశారు. అదే స్వచ్ఛందసంస్థ కార్యక్రమం నడుస్తున్న ఇతర గ్రామాలతో పోల్చినప్పుడు, ఆట ఆడిన గ్రామాల్లో నీటి లెక్కల పుస్తకాలు పెట్టుకోవడం, భూగర్భజల వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడం స్పష్టంగా ఎక్కువ. ఆట ఆడించినవారు ఆ కట్టుబాట్లు రాసి ఇవ్వలేదు.